గ్రేడు 2 అంటే రెండో స్టేజీ కాదు: రెక్టమ్‌లో వచ్చే నెట్ గడ్డ ఎప్పుడు పాకుతుంది?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. చిత్తూరులో ఉండే మీ చిన్నాన్నకు 52 ఏళ్ళు. మలంలో రక్తం పడుతుంటే మొలలేమో అని కొన్నాళ్ళు ఊరుకుని, చివరికి కొలనోస్కోపీ చేయించారు. మొలలు ఉన్నాయి, వాటితోపాటు రెక్టమ్‌లో, అంటే పెద్దపేగు చివరి భాగంలో, 9 మిల్లీమీటర్ల బుడిపె ఒకటి కనిపిస్తే పాలిప్ అనుకుని అక్కడికక్కడే వైరు ఉచ్చు వేసి తీసేశారు. తర్వాత రిపోర్టు వచ్చింది: న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ (హార్మోన్లు తయారుచేసే రకం కణాల్లో పుట్టే గడ్డ, క్లుప్తంగా నెట్), వెల్ డిఫరెన్షియేటెడ్ (కణాలు ఇంకా మామూలు కణాల పోలికలోనే ఉన్న రకం), గ్రేడు 2, మైటోసిస్ 1, కేఐ-67 4 శాతం, అడుగు అంచు దాకా కణితి ఉంది, రక్తనాళాల్లోకి చొరబడినట్టు కనిపించలేదు. ఇంట్లో అందరూ "రెండో స్టేజీ అంట" అని భోజనాలు మానేసి కూర్చున్నారు, ఎవరో ఈ జబ్బుతో పోయిన సినీనటుడు ఇర్ఫాన్ ఖాన్ పేరు కూడా తెచ్చారు. గ్రేడు 2 అంటే ఇప్పటికే పాకిపోయినట్టేనా అని మీ ప్రశ్న.

కాదు. ముందు ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పి భోజనం చేయమనండి, తర్వాత మిగతాది చదవండి.

నేను తిరుపతిలో పాథాలజిస్టుని. ఇరవై ఏళ్ళకు పైగా ఇలాంటి ముక్కలు మైక్రోస్కోపు కింద చూస్తూ, రిపోర్టులు రాస్తూ ఉన్నాను. మందు రాసేది నేను కాదు, కానీ మీ చేతిలో ఉన్న ఆ కాగితం మీద "గ్రేడు 2" అని రాసేది నాలాంటి వాళ్ళే కాబట్టి, ఆ అంకె ఎలా పుడుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పగలను.

గ్రేడు, స్టేజీ ఒకటే అనుకోవడం చదువుకున్న వాళ్ళలో కూడా చూస్తుంటాను. అలిపిరి మెట్ల దారి మీకు తెలుసు కదా. ఒకతను పరుగులాంటి నడకతో ఎక్కుతాడు, ఇంకొకతను మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కుతాడు. ఎంత వేగంగా ఎక్కుతున్నాడు అన్నది గ్రేడు. ఇప్పుడు ఎక్కడున్నాడు, పాదాల మండపం దగ్గరేనా, గాలిగోపురం దాటాడా, మోకాళ్ళ మెట్టు దాకా వచ్చేశాడా అన్నది స్టేజీ. వేగంగా నడిచేవాడు ఇప్పుడే మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఉండొచ్చు. నిదానంగా నడిచేవాడు రాత్రే బయలుదేరి ఉంటే తెల్లారేసరికి కొండ మీద ఉంటాడు. మీ చిన్నాన్న గడ్డ కొంచెం వేగంగా నడిచే రకం, అంతే, ఎక్కడిదాకా వచ్చిందో ఆ అంకె చెప్పదు. 1 సెంటీమీటరు లోపు గడ్డ, లింఫ్ గ్రంథుల్లో లేదు, లివర్‌లో లేదు అని స్కాన్‌లలో తేలితే, ఆయనది గ్రేడు 2, స్టేజీ 1. రెండూ ఒకే మనిషికి ఒకేసారి ఉంటాయి, తప్పేమీ లేదు.

ఇక ఆ గ్రేడు ఎలా వస్తుందో చూడండి. రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి మైటోసిస్, అంటే కణం రెండుగా చీలుతూ మా కంటికి దొరికిపోయిన సందర్భాలు, 2 చదరపు మిల్లీమీటర్ల మేరలో ఎన్ని ఉన్నాయి అని. రెండోది కేఐ-67. ఇది నిద్రపోకుండా విభజన పనిలో ఉన్న కణాల్లో మాత్రమే కనిపించే ప్రోటీన్, రంగు వేస్తే ఆ కణాల కేంద్రకాలు గోధుమ రంగులో పైకి తేలతాయి, పనిలో లేనివి నీలంగా ఉండిపోతాయి. వందకి ఎన్ని గోధుమ రంగువి ఉన్నాయో అదే శాతం. 67 అన్న అంకె చూసి "67 శాతం ఉందా డాక్టరుగారూ" అని వణికిపోతూ వచ్చిన వాళ్ళు ఉన్నారు, అందుకే చెబుతున్నా: జర్మనీలో కీల్ అనే ఊళ్ళో 1983లో దీన్ని బయటపెట్టారు, ఆ ఊరి పేరు నుంచి కేఐ, వాళ్ళ ప్రయోగపు పళ్ళెంలో 67వ గుంట నుంచి 67. అంతకుమించి ఆ అంకెకు అర్థం లేదు. మీరు చూడాల్సింది దాని పక్కన ఉన్న 4 శాతాన్ని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 వర్గీకరణ ప్రకారం కేఐ-67 3 శాతం లోపు, మైటోసిస్ 2 లోపు అయితే గ్రేడు 1. కేఐ 3 నుంచి 20, లేదా మైటోసిస్ 2 నుంచి 20 అయితే గ్రేడు 2. 20 దాటితే గ్రేడు 3. రెండు లెక్కలూ వేరువేరు గ్రేడులు చెబితే ఎక్కువ దాన్నే రాయాలి. మీ రిపోర్టులో జరిగింది అదే. మైటోసిస్ 1, అది గ్రేడు 1 కిందకే వస్తుంది. కేఐ 4, అది గ్రేడు 2. కాబట్టి గ్రేడు 2 అని రాశారు. గ్రేడు 2 అనే గది చాలా పెద్దది. 4 శాతం వాడూ 19 శాతం వాడూ ఒకే గదిలో ఉంటారు, కానీ ఇద్దరి జబ్బు నడత ఒకటి కాదు. అందుకే గ్రేడు మాత్రమే కాదు, శాతం కూడా ఎంతో అడగమంటాను.

లెక్కించే పని దగ్గరగా చూస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. గోధుమ రంగు కణాలు ఎక్కడ గుమిగూడి ఉన్నాయో ముందు వెతుక్కుంటాం, ఆ చోటు ఫొటో తీసి ఏ4 కాగితం మీద ప్రింటు వేసుకుంటాను. ఎర్ర పెన్నుతో గోధుమ రంగు కణాల మీద టిక్కు, నీలం పెన్నుతో మిగతా వాటి మీద. కనీసం 500 కణాలు లెక్కపెట్టాలి. 500లో 14 గోధుమ రంగువి ఉంటే 2.8 శాతం, గ్రేడు 1. ఇంకొక్కటి ఉంటే, అంటే 15 ఉంటే, 3 శాతం, గ్రేడు 2. ఒక్క కణం! పైగా గడ్డలోకి దూరిన లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు కూడా గోధుమ రంగులోనే కనిపిస్తాయి, సన్నటి రక్తనాళాల గోడల కణాలు కూడా, వాటిని పొరపాటున కలిపేస్తే శాతం పెరిగిపోతుంది. మీ చిన్నాన్నది 4 శాతం అంటే 500కి 20 కణాలు. 20కీ 14కీ మధ్య ఉన్న తేడా మీదే మీ ఇంట్లో ఇంత టెన్షన్ నడుస్తోంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది నా తప్పే. కొత్తలో నేను లెక్కపెట్టకుండా కంటిచూపుతో "సుమారు 2 శాతం" అని రాసేవాణ్ణి, అప్పట్లో చాలామంది అలాగే రాసేవారు. అలా ఒకావిడకి గ్రేడు 1 అని రాశాను. ఆవిడ వేరే ఊళ్ళో చూపించుకుంటే అక్కడ స్లైడ్లు మళ్ళీ చూసి, ఒక్కొక్కటి లెక్కపెట్టి 5 శాతం అన్నారు. స్లైడు తెప్పించుకుని నేనూ లెక్కపెట్టాను, వాళ్ళదే కరెక్టు. నా రిపోర్టు పట్టుకుని అక్కడితో ఆగిపోయి ఉంటే ఆవిడకి తర్వాత చూపించుకోవాల్సిన పరీక్షలు ఎవరూ చెప్పేవారు కాదు. ఆ రోజు నుంచి ఈ రకం గడ్డల్లో కేఐ కంటిచూపుతో రాయలేదు. కాబట్టి మీ రిపోర్టు రాసినవారిని అనుమానించమని కాదు గానీ, గీత దగ్గర ఉన్న అంకెను ఇంకొకరు లెక్కపెట్టడం మంచిది, పైకి వచ్చినా కిందకి వచ్చినా.

ఇప్పుడు అసలు ప్రశ్న, గ్రేడుకీ పాకడానికీ సంబంధం ఎంత. సంబంధం ఉంది, గ్రేడు పెరిగేకొద్దీ లింఫ్ గ్రంథులకో లివర్‌కో వెళ్ళే అవకాశం పెరుగుతుంది. కానీ రెక్టమ్‌లో వచ్చే ఈ గడ్డల్లో, వెల్ డిఫరెన్షియేటెడ్ రకంలో, గ్రేడుకన్నా ముందు చూడాల్సింది సైజు. 1 సెంటీమీటరు లోపు ఉంటే పాకి ఉండే అవకాశం చాలా తక్కువ, వందమందిలో ఇద్దరు ముగ్గురు అని మామూలుగా చెప్పే లెక్క. 1 నుంచి 2 సెంటీమీటర్ల మధ్య అది పది, పదిహేనుకు పెరుగుతుంది. 2 దాటితే సగానికి పైగా మందిలో అప్పటికే పాకి ఉంటుంది. తర్వాత లోతు: పేగు గోడలో ఈ గడ్డలు లోపలి పొర కింద, సబ్‌మ్యూకోసాలో కూర్చుంటాయి, అక్కడి నుంచి కింద కండర పొరలోకి దిగితే ప్రమాదం పెరుగుతుంది. తర్వాత సన్నటి రక్తనాళాల్లో, లింఫ్ నాళాల్లో కణితి కణాలు కనిపించాయా అన్నది. నాలుగోది గ్రేడు. ఎండోస్కోపీలో గడ్డ పైభాగం నున్నగా ఉందా, మధ్యలో గుంట పడిందా, పుండు పడిందా అన్నది కూడా చూస్తారు, గుంట పడితే అంత మంచిది కాదు.

ఈ నాలుగూ కలిపి చదవాలి. గ్రేడు 1 అని రాసి ఉండి లివర్ నిండా మచ్చలున్న వాళ్ళ స్లైడ్లు నేను చూశాను. మదనపల్లె వైపు రైతు ఒకాయన, గడ్డ 3 సెంటీమీటర్లు, కేఐ 1 శాతమే. ఎంతో నిదానమైన గడ్డ, కానీ ఎన్నేళ్ళ నుంచి లోపల ఉందో, నిదానంగానే లివర్ దాకా వెళ్ళిపోయింది. అదే ఏడాది 6 మిల్లీమీటర్ల గడ్డ ఒకటి వచ్చింది, కేఐ 6 శాతం, గ్రేడు 2. దాన్ని శుభ్రంగా తీశారు, ఆయన ఇప్పటికీ ఏటా వచ్చి చూపించుకుని వెళ్తున్నారు, ఎక్కడా ఏమీ లేదు. ఇద్దరి కాగితాలు పక్కపక్కన పెట్టి గ్రేడు ఒక్కటే చదివితే మొదటాయన గురించి నిశ్చింతగా ఉంటాం, రెండో ఆయన గురించి భయపడతాం. ఈ గడ్డలకు "కార్సినాయిడ్", అంటే క్యాన్సర్ లాంటిది అని 1907లో పేరు పెట్టిన ఓబెర్న్‌డోర్ఫర్ కూడా మొదట ఇవి ఏమీ చేయవనే అనుకున్నాడు, 1929లో తనే ఆ మాట సవరించుకుని ఇవి పాకగలవు అని రాశాడు. పాత డాక్టర్లు కొందరు ఇప్పటికీ కార్సినాయిడ్ అనే రాస్తారు, కంగారు పడకండి, అదే జబ్బు.

పాకితే ఎటు పాకుతుంది అని కూడా అడిగారు. మొదట రెక్టమ్ చుట్టూ ఉన్న కొవ్వులోని లింఫ్ గ్రంథులకు. రక్తం దారిలో అయితే లివర్‌కు, ఎందుకంటే రెక్టమ్ పైభాగం నుంచి రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా అక్కడికే వెళ్తుంది. ఎముకలకు కూడా వెళ్తుంది గానీ అది సాధారణంగా తర్వాతి మాట.

గ్రేడు గురించి ఒక్క చోట మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి, అది 20 శాతం దాటిన దగ్గర. అక్కడ రెండు జబ్బులు ఉన్నాయి. ఒకటి గ్రేడు 3 నెట్, కణాలు ఇంకా పొందికగానే ఉంటాయి, వేగం మాత్రం ఎక్కువ. రెండోది న్యూరోఎండోక్రైన్ కార్సినోమా, డాక్టర్లు నెక్ అంటారు. దీని కణాలు చెదిరిపోయి, గుర్తుపట్టలేనట్టు ఉంటాయి, కేఐ తరచుగా 55 శాతం కూడా దాటుతుంది, జన్యువుల్లో జరిగే మార్పులు కూడా వేరే. నేను పైన చెప్పిన సైజు లెక్క దానికి వర్తించదు, చిన్నగా ఉన్నప్పుడే పాకగలదు, వైద్యం కూడా ప్లాటినం, ఎటొపొసైడ్ కీమోతో మొదలవుతుంది. రెక్టమ్‌లో ఇది అరుదు. ఇర్ఫాన్ ఖాన్ 2018లో తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అని చెప్పి, 2020లో చనిపోయిన దగ్గర నుంచి ఆ మాట వినగానే జనానికి ఆయనే గుర్తొస్తున్నారు. కానీ ఆ ఒక్క మాట కింద పదేళ్ళు కదలకుండా ఉండే బుడిపె కూడా ఉంది, నెలల్లో లివర్‌ను కమ్మేసే నెక్ కూడా ఉంది. మీ రిపోర్టులో "వెల్ డిఫరెన్షియేటెడ్" అన్న రెండు ముక్కలు ఉన్నాయి చూడండి, నా దృష్టిలో ఆ కాగితం మొత్తంలో గ్రేడుకన్నా విలువైనవి అవే.

మరి మీ చిన్నాన్న విషయంలో నాకు ఆలోచన కలిగించేది ఏమిటంటే, గ్రేడు కాదు, అడుగు అంచు. ఈ గడ్డ పాలిప్‌లాగా లోపలి పొర మీద మొలిచేది కాదు, పొర కింద ఉండేది. పసుపు ఛాయలో, నున్నగా, తాకితే గట్టిగా జారే శనగగింజలా ఉంటుంది. మామూలు ఉచ్చు వేసి లాగితే పైభాగం వచ్చి అడుగున కొంచెం మిగిలే అవకాశం ఉంటుంది. ముందే అనుమానం వస్తే టోపీ, బ్యాండు పెట్టి తీసే పద్ధతి, లేదా ఈఎస్‌డీ అని పొర కింద నుంచి చెక్కి తీసే పద్ధతి వాడతారు. పాలిప్ అనుకుని తీయడం తరచుగా జరిగేదే, తీసినవారిని తప్పుపట్టలేం. అంచులో కణితి ఉందంటే లోపల తప్పకుండా మిగిలిందని కూడా కాదు, ఉచ్చులో కరెంటు కాల్చిన చోట మిగిలిన కణాలు చచ్చిపోయి ఉండొచ్చు. మచ్చ ఉన్న చోటును మళ్ళీ తీసి పంపితే చాలామందిలో మాకు ఏమీ కనిపించదు. కానీ చూడకుండా వదిలేయకూడదు, అదీ గ్రేడు 2 అయినప్పుడు అసలు వదలకూడదు. గ్రేడు ఇక్కడ పనికొస్తుంది: గ్రేడు 1, 1 సెంటీమీటరు లోపు, అంచులు శుభ్రం, నాళాల్లో లేదు అంటే మార్గదర్శకాల ప్రకారం తర్వాత ఫాలో-అప్ కూడా అక్కర్లేదు. మీది ఆ కోవలోకి రాదు.

కాబట్టి కొలనోస్కోపీ చేసినవారిని కలిసి ఆ మచ్చ ఎక్కడుందో గుర్తుగా టాటూ సిరా వేశారా అని అడగండి. వేయకపోతే త్వరగా వెళ్ళాలి, నెలలు గడిస్తే మచ్చ కనిపించకుండా మానిపోతుంది. రెక్టమ్ లోపలి నుంచి చేసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, పొత్తికడుపు కింది భాగం ఎంఆర్ఐ, ఈ రెండూ గోడలో ఏమన్నా మిగిలిందా, పక్క గ్రంథులు పెరిగాయా చెబుతాయి. గ్రేడు 2 కాబట్టి డోటాటేట్ పెట్ స్కాన్ కూడా రాయవచ్చు. నిదానంగా పెరిగే నెట్ కణాల మీద ఒక రకం గ్రాహకాలు ఉంటాయి, ఈ స్కాన్‌కి ఎక్కించే డోటాటేట్ మందు వెళ్ళి వాటికే అతుక్కుంటుంది. గ్రేడు బాగా పెరిగిన గడ్డల్లో ఆ గ్రాహకాలు తగ్గి, కణాలు చక్కెర మీద పడతాయి, అప్పుడు మామూలు క్యాన్సర్లకు చేసే చక్కెర పెట్ స్కానే బాగా పట్టుకుంటుంది. ఏ పెట్ స్కాన్ అని చీటీలో స్పష్టంగా రాయించుకోండి, రెండింటి పేర్లూ కలిపేసుకుని ఒకదానికి బదులు ఇంకోటి చేయించుకుని డబ్బు పోగొట్టుకున్న వాళ్ళున్నారు.

ఒక పరీక్షకు మాత్రం తొందరపడకండి. క్రోమోగ్రానిన్ ఏ అని రక్తపరీక్ష ఉంది, ఇంటర్నెట్‌లో చూసి అందరూ ముందు దానికే పరిగెత్తుతారు. రెక్టమ్ గడ్డల్లో అది చాలాసార్లు నార్మల్‌గానే ఉంటుంది. మీ చిన్నాన్న గ్యాస్‌కి పాంటోప్రజోల్ లాంటి మాత్రలు వేసుకుంటుంటే, ఎక్కడా గడ్డ లేకపోయినా ఆ అంకె పెరుగుతుంది, కిడ్నీ సమస్య ఉన్నా పెరుగుతుంది. ఆ అంకె చూసి ఇంకో వారం నిద్రలు పోతాయి. అలాగే ముఖం ఎర్రబారడం, విరేచనాలు లాంటి కార్సినాయిడ్ లక్షణాలు రెక్టమ్ గడ్డల్లో చాలా అరుదు, అవి లేవని ధైర్యం తెచ్చుకోవడానికీ లేదు, వాటికోసం 24 గంటల మూత్రం పట్టి పరీక్ష చేయించాల్సిన పనీ సాధారణంగా ఉండదు. రక్తం పడింది గడ్డ వల్ల కాకపోవచ్చు కూడా, మొలల వల్లే పడి ఉండొచ్చు. ఇలాంటి గడ్డలు చాలావరకు వేరే దేనికోసమో చూస్తుంటే బయటపడేవే.

స్కాన్‌లలో ఏమీ లేక, మచ్చ చోటు శుభ్రంగా ఉంటే, ఆ తర్వాత ఏటా చూపించుకోవడమే మిగిలే పని. దాన్ని రెండు మూడేళ్ళతో ఆపకండి, ఈ గడ్డలు నిదానం కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆలస్యంగా వస్తాయి. ఒకవేళ ఎప్పుడైనా లివర్‌లోనో గ్రంథిలోనో ఏదైనా కనిపిస్తే, పాత గ్రేడు పట్టుకుని మందు మొదలుపెట్టకుండా అక్కడి ముక్క కూడా తీసి కేఐ చూడమని అడగండి. మొదటి గడ్డలో 4 ఉన్నది పాకిన చోట 12 ఉండటం, ఏళ్ళు గడిచేకొద్దీ గ్రేడు పెరగడం మాకు కొత్త కాదు, మందు ఎంపిక కొత్త అంకెను బట్టే మారుతుంది.

రెండో అభిప్రాయానికి చిత్తూరు వాళ్ళకు వెల్లూరు సీఎంసీ దగ్గర, లేదా తిరుపతి స్విమ్స్‌కి రావచ్చు. ఎక్కడికి వెళ్ళినా రిపోర్టు కాగితం ఒక్కటి తీసుకెళ్తే సరిపోదు. పరీక్ష చేసిన ల్యాబుకి వెళ్ళి చిన్నాన్న పేరు మీద ఉన్న స్లైడ్లు, మైనం బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో పెట్టి దాచినవి) ఇవ్వమని అడగండి, సంతకం పెట్టించుకుని ఇస్తారు. చూసేవారికి రెండు ప్రశ్నలు రాసిచ్చి రండి: కేఐ 500 కణాలు లెక్కపెట్టి ఎంత, నాళాల గోడలను చూపించే సీడీ34, డీ2-40 రంగులు వేస్తే నాళాల్లో కణాలేమన్నా కనిపిస్తున్నాయా. ఆ రంగులు వేస్తే మామూలు రంగులో కనిపించనివి కొన్ని బయటపడతాయి, బయటపడ్డా వెంటనే బెంబేలెత్తకండి, అలా మాత్రమే దొరికిన చిన్న గడ్డల్లో చాలామంది తర్వాత బాగానే ఉంటారు, అది ఫాలో-అప్‌ను గట్టిగా చేయడానికి ఒక కారణం మాత్రమే.

బ్లాకులు తెచ్చేటప్పుడు చిన్న డబ్బాలో దూది పెట్టి మీ చేతి సంచిలో ఉంచుకోండి. ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే మైనం మెత్తబడి కరుగుతుంది, పోయిన వేసవిలో పలమనేరు నుంచి ఒకాయన అలాగే తెచ్చారు. 9 మిల్లీమీటర్ల గడ్డ ముక్క అంటే ఉన్నదంతా ఆ బ్లాకులోనే ఉంటుంది, మళ్ళీ తీయడానికి ఇంకోటి లేదు.